పెరుగుదల పటముపైని గీతలు: వాని లెక్క, వాని అర్థము

సూరత్ నగరమునకు దక్షిణమున, సచిన్ వైపు పోవు బాటమీద ఉన్ అను ప్రాంతము కలదు. ఒకప్పుడది గ్రామము. నగరము విస్తరించి దానిని తనలో కలుపుకొన్నది. మరమగ్గములకును, అద్దకపు కర్మాగారములకును పేరొందిన సూరత్‌కు నానా రాష్ట్రములనుండి బ్రతుకుతెరువునకై వచ్చినవారు ఇట్టి శివారులలో కాపురముందురు. తెలంగాణమునుండి వెళ్ళి ఆ నగరమున స్థిరపడిన నేతపనివారి కుటుంబములును అనేకము కలవు.

అట్టి చోట, అంగన్‌వాడీలో మమతా దివసము జరుగునాడు, ఒక తెలుగు తల్లి తన యేడాది పిల్లవానిని తీసికొనిపోయినదనుకొందము. కార్యకర్త బిడ్డను తూచును. పరుండబెట్టి పొడవు కొలుచును. కార్డులోని పటముపై ఒక చుక్క పెట్టి, "పిల్లవాడు గీతకు దిగువ నున్నాడు" అని చెప్పును. కార్డు గుజరాతీలో నున్నది. తల్లి చదువుకొన్నది తెలుగు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగా, అత్తగారు "మా వంశమున అందరును పొట్టివారే, దానికేమి" అని తోసివేయును. తల్లికి మాత్రము బెంగ తీరదు.

ఆ గీతను ఎవరు గీసిరి? ఎచ్చటనే యేల గీసిరి? దానికి దిగువ నుండుట రోగమేనా? ఈ ప్రశ్నలకు సమాధానము గణాంకశాస్త్రమున ఆరంభపాఠములలోనే యున్నది. కూడిక, తీసివేత, గుణకారము వచ్చినవారందరును దానిని తెలిసికొనవచ్చును.

గంట ఆకారము

చక్కగా తిని, వ్యాధులు లేక పెరిగిన యేడాది మగపిల్లలను వేయిమందిని వరుసగా పరుండబెట్టి కొలిచితిమనుకొందము. అందరి పొడవు ఒకటిగా నుండదు. ఎక్కువమంది నడిమి కొలతకు దగ్గరగా నుందురు. ఆ నడిమినుండి దూరము పోయినకొలది, ఇటు పొట్టివైపునను అటు పొడవువైపునను, పిల్లల సంఖ్య సమానముగా తగ్గిపోవును. ఒక్కొక్క కొలతకు ఎందరున్నారో కాగితముమీద గీచి చూపినచో, దేవాలయపు గంటను బోర్లించినట్టి ఆకారము వచ్చును. దీనినే సామాన్య విభాజనము అందురు.

ఈ గంటను పూర్తిగా వర్ణించుటకు రెండు సంఖ్యలు చాలును. మొదటిది సగటు, గంట శిఖరము దానిపై నుండును. రెండవది ప్రామాణిక విచలనము. పిల్లల కొలతలు సగటునుండి సాధారణముగా ఎంత దూరము చెదరియుండునో తెలుపు కొలత యిది. ఇది చిన్నదైనచో గంట సన్నగా నిలువుగా నుండును; పెద్దదైనచో వెడల్పుగా పరచుకొనును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణముల ప్రకారము పండ్రెండు నెలలు నిండిన మగపిల్లల పొడవునకు సగటు 75.75 సెంటీమీటర్లు, ప్రామాణిక విచలనము సుమారు 2.375 సెంటీమీటర్లు.

సామాన్య విభాజనమున కొక గొప్ప సౌలభ్యము కలదు. కొలచునది ఏదైనను సరే, సగటునకు ఇరువైపుల ఒక్కొక్క ప్రామాణిక విచలనము దూరములోపల నూటికి 68 మంది యుందురు. రెండేసి విచలనములలోపల నూటికి 95 మంది, మూడేసి విచలనములలోపల వేయింటికి 997 మంది యుందురు. కనుక ఒక బిడ్డ కొలత సగటునుండి ఎన్ని విచలనముల దూరమున నున్నదో తెలిసినచో, వాని స్థానము తెలిసినట్లే.

శతాంశమును కనుగొను విధము

శతాంశము అనగా నూటికి ఇందరు దీనికి దిగువ నుందురని చెప్పు హద్దు. పర్సెంటైల్ అను మాటను 1885లో ఫ్రాన్సిస్ గాల్టన్ ప్రచారములోనికి తెచ్చెను. 3వ శతాంశమనగా, ఆరోగ్యవంతులగు నూరుగురు పిల్లలలో ముగ్గురు మాత్రమే దానికి దిగువ నుండు కొలత. 50వ శతాంశమనగా సరిగా నడిమి కొలత.

ఈ హద్దును కనుగొనుటకు సూత్ర మిది: సగటును తీసికొని, దానికి విచలనాంకమును ప్రామాణిక విచలనముతో గుణించి కలుపవలెను. ఏ శతాంశమునకు ఏ విచలనాంకమో గణాంకశాస్త్ర గ్రంథముల చివర నుండు పట్టిక తెలుపును. తరచుగా పనికివచ్చునవి ఇవి: 3వ శతాంశమునకు −1.88, 15వ దానికి −1.04, 50వ దానికి 0, 85వ దానికి +1.04, 97వ దానికి +1.88.

మన యేడాది మగపిల్లవానికి 3వ శతాంశము ఎంత? 1.88ని 2.375తో గుణింపగా 4.465 వచ్చును. 75.75 నుండి దానిని తీసివేయగా 71.285, అనగా 71.3 సెంటీమీటర్లు. అదే 4.465ను కలిపినచో 97వ శతాంశము 80.2 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన పట్టికలలో నున్న సంఖ్యలును ఇవియే.

లెక్కను వెనుకకు త్రిప్పియు చేయవచ్చును. ఒక పిల్లవాని పొడవు 72.2 సెంటీమీటర్లనుకొందము. 72.2 నుండి 75.75 తీసివేయగా −3.55. దీనిని 2.375తో భాగింపగా సుమారు −1.5. పట్టికలో −1.5కు ఎదురుగా 0.067 అని యుండును. అనగా ఆరోగ్యవంతులగు నూరుగురిలో ఏడుగురు దాదాపుగా వీనికంటె పొట్టిగా నుందురు. వీడు గీతకు ఎగువనే యున్నాడు.

క్రొత్తగా నేర్చుకొనువారు ఇచ్చట మూడు తప్పులు చేయుదురు. మొదటిది, పట్టికను గుర్తింపకపోవుట. కొన్ని పట్టికలు గంట ఎడమకొన నుండి వైశాల్యమును చెప్పును. కొన్ని నడిమినుండి చెప్పును. మొదటి రకములో 3వ శతాంశమునకు 0.03 వెదకవలెను, రెండవ రకములో 0.50 నుండి 0.03 తీసివేసి 0.47 వెదకవలెను. రెండవ తప్పు, గుర్తును మరచుట. 50కి దిగువ శతాంశములన్నిటికిని విచలనాంకము ఋణసంఖ్య. మూడవది, శతాంశమును మార్కుల శాతముగా భావించుట. 40వ శతాంశమున నున్న బిడ్డ నూటికి నలుబది మార్కులు తెచ్చుకొన్నవాడు కాడు. నూరుగురిలో నలుబదిమందికంటె పొడవైన చక్కని బిడ్డ.

రెండు విచలనముల గీత

మనదేశమున వాడు కార్డులలో హద్దులు శతాంశములుగా గాక, నేరుగా విచలనములలోనే గుర్తింపబడినవి. వయస్సునకు తగిన బరువు చూపు పటములో రెండు విచలనముల గీతకు పైభాగము ఆకుపచ్చ. రెండింటికిని మూడింటికిని నడుమ పసుపు. మూడింటికి దిగువ నారింజ రంగు.

పొడవు విషయమున రెండు విచలనముల గీత 75.75 నుండి 4.75 తీసివేయగా వచ్చు 71.0 సెంటీమీటర్లు. మూడు విచలనముల గీత 68.6 సెంటీమీటర్లు. మొదటిదానికి దిగువ, ఆరోగ్యవంతులలో నూటికి 2.3 మంది యుందురు. రెండవదానికి దిగువ సుమారు 740 మందిలో ఒక్కడుండును.

ఈ సంఖ్యలను శ్రద్ధగా గమనింపవలెను. ఏ లోపము లేని పిల్లలలో సైతము వేయింటికి 23 మంది మొదటి గీతకు దిగువ నుందురు. కావున ఆ గీతకు దిగువ నున్నంతమాత్రమున బిడ్డకు జబ్బని నిర్ణయింపరాదు. అయినను ఆ స్థానము అరుదైనది గనుక, కారణము విచారింపవలసిన అవసరము కలదు. మూడవ విచలనమునకు దిగువ నుండుట సహజముగా సంభవించుట మిక్కిలి అరుదు. అచ్చట ఆలస్యము పనికిరాదు.

బరువునకు కొంత భేదము

పొడవునకు గంట రెండు ప్రక్కలును సమానముగా నుండును. బరువునకు అట్లు కాదు. యేడాది మగపిల్లవాని నడిమి బరువు 9.6 కిలోలు. రెండు విచలనముల దిగువ గీత 7.7 కిలోలు, ఎగువ గీత 12.0 కిలోలు. దిగువవైపు దూరము 1.9, ఎగువవైపు దూరము 2.4. అనగా గంట కుడివైపునకు కొంత సాగియున్నది. ఇట్టిచోట సగటునుండి నేరుగా తీసివేయు సూత్రము సరిపోదు. గణాంకశాస్త్రజ్ఞులు ముందుగా ఆ వంపును సరిచేసి, పిమ్మట శతాంశములను లెక్కింతురు. తల్లిదండ్రులకు ఆ శ్రమ అక్కరలేదు. కార్డుపైని గీతలు అట్లు సరిచేసి గీచినవే. ఏ కొలతకైనను సూత్రము వాడుటకు ముందు, ఆ కొలత నిజముగా సామాన్య విభాజనమును అనుసరించునా యని చూచుకొనవలెనని విద్యార్థులు దీనివలన గ్రహింపవలెను.

ఆ పిల్లలు ఎవరు?

శతాంశము విలువ, దానిని ఏ పిల్లలనుండి తీసిరో దానిపై ఆధారపడును. ఆకలితోనున్న పిల్లలను కొలిచి సగటు కట్టినచో, ఆకలియే ప్రమాణమగును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుండి 2003 వరకు ఆరు దేశములలో సుమారు 8,500 మంది పిల్లలను కొలిపించినది. బ్రెజిల్, ఘానా, నార్వే, ఒమాన్, అమెరికా దేశములతోబాటు మన ఢిల్లీ నగరమును అందులో కలదు. తల్లిపాలు త్రాగినవారిని, పొగత్రాగని తల్లుల బిడ్డలను, ఎదుగుదలకు అడ్డులేని పరిస్థితులలో పెరిగినవారిని మాత్రమే ఎన్నుకొనిరి. ఖండములు వేరైనను, రంగులు వేరైనను, అట్టి పరిస్థితులలో ఆ పిల్లలు దాదాపు ఒకే రీతిగా పెరిగిరి. ఈ ప్రమాణములు 2006లో ప్రకటింపబడినవి. భారతదేశము వానిని 2008లో స్వీకరించినది.

అంతకుముందు మనవారు 1972 నాటి భారతీయ శిశువైద్యుల వర్గీకరణను వాడిరి. అందులో నడిమి బరువులో 80 శాతమునకు తగ్గినచో లోపమని యెంచిరి. లెక్క సులభమే, కాని శాతము చెదరుపాటును లెక్కింపదు. పొడవునకు దానిని వాడినచో ఎట్లుండునో చూడుడు. 75.75లో 80 శాతము 60.6 సెంటీమీటర్లు. యేడాది మగపిల్లవాడు ఆ కొలతకు దిగవలెనన్న ఆరు విచలనములకు మించి పడిపోవలెను. ఒకే 80 శాతము బరువులో ఒక అర్థమును, పొడవులో మరియొక అర్థమును ఇచ్చును. విచలనముతో గీచిన హద్దు ఏ కొలతలోనైనను ఒకే అర్థమును ఇచ్చును.

"మా జాతియే పొట్టి" అను మాట

అత్తగారు చెప్పిన మాటను పండితులును పలికిరి. గణాంకశాస్త్రజ్ఞుడగు పి. వి. సుఖాత్మే, మనుష్యుల ఆహారావసరములు ఒక్కరివలె ఒక్కరివి ఉండవనియు, సగటుకంటె తక్కువ తినువారినందరిని ఆకలిగొన్నవారిగా లెక్కింపరాదనియు, సగటునుండి రెండు విచలనములు తీసివేసి అచ్చట గీత గీయవలెననియు వాదించెను. 1980 ప్రాంతమున డేవిడ్ సెక్లర్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు మరి యొక అడుగు ముందునకు వేసి, పొట్టిగానున్న పేదపిల్లలలో పలువురు చిన్నవారే గాని ఆరోగ్యవంతులే యనెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఆరంభమై 1958లో హైదరాబాదునకు మారినది. దానికి అధిపతిగా పనిచేసిన సి. గోపాలన్ ఈ వాదమును గట్టిగా ఖండించెను. బిడ్డను పొట్టిగా చేయు ఆకలియు, అతిసారమును, అశుభ్రతయు ఆ బిడ్డ శక్తిని, చదువును, పనితనమును గూడ తగ్గించును. పేదవానికొక కొలబద్దయు కలవానికొక కొలబద్దయు పెట్టుట పేదరికమును అంగీకరించుటయే యగునని ఆయన అభిప్రాయము. తరువాత జరిగిన ఆరుదేశముల పరిశీలనము ఈ అభిప్రాయమునకే బలము చేకూర్చినది.

తల్లిదండ్రుల ఎత్తు బిడ్డకు కొంతవరకు సంక్రమించుట నిజమే. అయితే తల్లి తన బాల్యమున చాలినంత తిండి లేక పొట్టిగా మిగిలియుండవచ్చును. అప్పుడు వంశలక్షణమని మనము పిలుచునది, తీరని పాత బాకీవంటిది. దానిని తరువాతి తరమునకు అప్పగింపనక్కరలేదు.

ఒక్క బిడ్డ, ఊరంతయు

గీత ఒక్క బిడ్డనుగూర్చి అనుమానమును మాత్రమే చెప్పగలదు. ఒక సముదాయమునుగూర్చి నిశ్చయముగా చెప్పగలదు. ఆరోగ్యవంతమగు సముదాయమున ఎత్తు విషయమున నూటికి 2.3 మంది మాత్రమే రెండు విచలనముల గీతకు దిగువ నుండవలెనని చూచితిమి. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అయిదేండ్లలోపు పిల్లలలో ఆ గీతకు దిగువ నున్నవారు భారతదేశమున 35.5 శాతము; గుజరాతులో 39.0, తెలంగాణలో 33.1; ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతము.

ఇందులో మన సూత్రమును వాడి చూతము. 39వ శతాంశమునకు విచలనాంకము సుమారు −0.28. గంట ఆకారము మారక, అది మొత్తముగా క్రిందికి జరిగినదనుకొన్నచో, సగటు 1.7 విచలనములు దిగినదన్నమాట. కొలతలలోని పొరపాట్లు మొదలగు కారణములచేత గంట మరికొంత వెడల్పైనచో ఈ జరుగుబాటు కొంత తగ్గును. అయినను ముఖ్యవిషయము మారదు. కొందరు దురదృష్టవంతులు మాత్రము గీత దాటి పడిపోలేదు. గీతకు ఎగువ ఆకుపచ్చలో నున్నవారితో సహా గంట మొత్తము జరిగినది. కనుక గీతకు దిగువ నున్న బిడ్డలకు చికిత్సయు, వీధి మొత్తమునకు మంచి నీరు, మురుగు పారుదల, గర్భిణులకు ఆహారము, టీకాలును, ఈ రెండును కావలెను.

కొలతలో జాగ్రత్త

గీతకు దగ్గరగానున్న బిడ్డకు చిన్న పొరపాటు పెద్దదగును. యేడాది మగపిల్లవాడు 70.6 సెంటీమీటర్లున్నచో విచలనాంకము −2.17, 71.4 ఉన్నచో −1.83. నడుమ భేదము ఒక సెంటీమీటరైనను లేదు. బిడ్డ మోకాలు వంగినను, తల పలకకు ఆనకున్నను ఈ భేదము వచ్చును. అందుచేత ఇద్దరు కలిసి కొలువవలెను: ఒకరు తలను, మరొకరు మోకాళ్ళను పట్టవలెను. రెండేండ్లు నిండనివారిని పరుండబెట్టియు, నిండినవారిని నిలువబెట్టియు కొలువవలెను.

వయస్సులోని పొరపాటు మరింత ముఖ్యము. మగపిల్లవానికి పదునొకండు నెలలకు రెండు విచలనముల గీత 69.9 సెంటీమీటర్లు, పదుమూడు నెలలకు 72.1. రెండు నెలల తేడాలో గీతయే రెండు సెంటీమీటర్లకు పైగా జరుగును. "దసరా తరువాత పుట్టినాడు" అని చెప్పిన వయస్సుతో సరియైన చుక్క పడదు. వలసవచ్చిన కుటుంబములు పుట్టిన తేదీ పత్రమును వెంట నుంచుకొనుట ఇందుకే అవసరము.

తల్లిదండ్రులు చేయవలసినది

ఒక్క చుక్కను చూచి ఊరకుండక, చుక్కలను కలిపి దారిని చూడవలెను. ఎప్పుడును 5వ శతాంశము వెంబడి నిలకడగా పెరుగుచు, ఆడుచు, తినుచున్న బిడ్డనుగూర్చి అంతగా భయపడనక్కరలేదు. ఆరవ నెలలో 70వ శతాంశమున నుండి యేడాదికి 10వ దానికి దిగిన బిడ్డ ఇంకను ఆకుపచ్చలోనే యుండవచ్చును. కాని ఆ బిడ్డనే ముందుగా డాక్టరునకు చూపవలెను.

ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప మరేదియు, నీళ్ళైనను, ఈయరాదు. ఆరు నెలలు నిండినంతనే తల్లిపాలతోబాటు మెత్తని గట్టి ఆహారము, పప్పు, నూనె లేక నెయ్యి కలిపి, కొంచెముకొంచెముగా పలుమారులు పెట్టవలెను. గుజరాతులో అంగన్‌వాడీ ఇచ్చు బాలశక్తి పొట్లము ఆ బిడ్డ కొరకే. ఇంటివారందరు పంచుకొనుటకు కాదు.

ఆరునెలలకు పైబడి అయిదేండ్లలోపు బిడ్డ జబ్బచుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినను, పొడవునకు తగిన బరువు మూడు విచలనముల గీతకు దిగినను, రెండు పాదములును పొంగి వ్రేలితో నొక్కినచో గుంట పడినను, ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పోషకాహార పునరావాస కేంద్రములలో ఇట్టి బిడ్డలకు చికిత్స కలదు.

పండుగకో, పని లేకనో స్వగ్రామమునకు మరలునపుడు కార్డును మరువరాదు. కరీంనగరములోని అంగన్‌వాడీ పటముపైని గీతలును, ఉన్‌లోని పటముపైని గీతలును ఒక్కటే. భాష మాత్రమే వేరు. 2021లో ఆరంభమైన పోషణ్ ట్రాకర్‌లో వలసపోయినవారి పేరును క్రొత్త చోటికి మార్చుకొను ఏర్పాటును కలదు. బయలుదేరుటకు ముందు కార్యకర్తకు ఆ మాట చెప్పవలెను. చేరిన వారములోగా అచ్చటి అంగన్‌వాడీలో బిడ్డను కొలిపించి, పాత చుక్కల ప్రక్కనే క్రొత్త చుక్కను పెట్టించుకొనవలెను.